కంటైనర్‌లో నెట్ రాకపోతే డాకర్‌ను తీసేయడం పరిష్కారం కాదు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్, ఎంసీఏ కాలేజీల్లో చాలాచోట్ల క్లౌడ్ ల్యాబ్ అయినా, ఫైనలియర్ ప్రాజెక్టు అయినా ఇప్పుడు డాకర్ మీదే నడుస్తోంది. ప్రోగ్రాంను దానికి కావలసినవాటితో కలిపి కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్ అది. కంటైనర్ లేస్తుంది, ప్రోగ్రాం నడుస్తుంది. లోపల ప్యాకేజీల జాబితా తెచ్చే 'ఆప్ట్ అప్‌డేట్' కొట్టగానే మాత్రం కర్సర్ అక్కడే ఆగిపోతుంది. అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ హాయిగా తెరుచుకుంటూ ఉంటుంది. అప్పుడు పిల్లలకు దొరికే సలహాలు నాలుగు: డాకర్ తీసేసి మళ్లీ ఎక్కించు, ఫైర్‌వాల్ ఆపెయ్, డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టెయ్, కంటైనర్‌ను మెషీన్ నెట్‌వర్క్‌లోనే నడిపే 'నెట్‌వర్క్ హోస్ట్' ఆప్షన్ తగిలించు. వీటిలో ఏదో ఒకటి ఒక్కోసారి పనిచేస్తుంది. ఎందుకు పనిచేసిందో తెలియదు కాబట్టి చోటు మారగానే అదే చిక్కు మళ్లీ మొదలవుతుంది. తప్పు ఎక్కడుందో వరుసగా తేల్చుకునే దారి ఉంది, అదేమంత కష్టం కూడా కాదు. మీ విద్యా పేజీ చదివే విద్యార్థులకు, ల్యాబ్ ఇన్‌చార్జీలకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాం. కాలేజీల యాజమాన్యాలను అడగాల్సింది కూడా ఒకటుంది. కమాండులను పలికినట్టే తెలుగులో రాశాం.

అన్నిటికంటే ముందు తెర మీద వచ్చిన ఎర్రర్ లైనును పూర్తిగా చదవాలి. 'నెట్ రావడం లేదు' అని చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అని ఉంటే పేరును ఐపీగా మార్చే డీఎన్ఎస్ దగ్గరే ఆగింది. 'నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్' అంటే కంటైనర్‌కు బయటికి వెళ్లే రూటే లేదు. 'నెట్‌వర్క్ నన్' అనో, 'ఇంటర్నల్' అనో పెట్టి సృష్టించిన నెట్‌వర్క్‌లో ఉంటే ఇలాగే వస్తుంది. అది తప్పు కాదు, అలా ఉండాలనే ఎవరో పెట్టి ఉంటారు. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' వస్తే మొదట ప్రాక్సీని, అంటే మన తరఫున బయటికి వెళ్లే మధ్యవర్తి సర్వర్‌ను, అనుమానించాలి. 'టైమ్డ్ ఔట్' అంటే దారిలో ఎవరో ప్యాకెట్లను చప్పుడు చేయకుండా పారేస్తున్నారు. 'సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్' అని వచ్చిందంటే నెట్ వస్తున్నట్టే, గొడవ వేరే చోట ఉంది. 407 అంటే ప్రాక్సీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. 429 అంటే అవతలి సర్వర్ 'ఇప్పటికే ఎక్కువసార్లు అడిగారు' అంటోంది. ఒక్క లైను చదివితే సగం వెతుకులాట తప్పుతుంది.

'డాకర్ పుల్ పనిచేసింది కాబట్టి కంటైనర్‌కు నెట్ ఉన్నట్టే' అనుకోవడం చాలామంది పడే పొరపాటు. ఇమేజ్‌ను, అంటే కంటైనర్ తయారయ్యే మూసను, దించేది కంటైనర్ కాదు, మెషీన్ మీద వెనక నడిచే డాకర్ సర్వీసు, డెమన్. అది మెషీన్ నెట్‌వర్క్‌నే వాడుతుంది. కంటైనర్‌ది వేరే దారి. లైనక్స్‌లో డాకర్ మొదలవగానే 'డాకర్0' అనే బ్రిడ్జి, అంటే కంటైనర్లను కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్, తయారవుతుంది. దాని ఐపీ మామూలుగా 172.17.0.1. కంటైనర్లకు 172.17.0.2 నుంచి వరుసగా ఐపీలు అందుతాయి. కంటైనర్ లోపలి 'ఈత్0' కార్డుకు జంటగా బయట ఒక 'వీఈత్' కార్డు ఉండి, ఆ బ్రిడ్జికి తగులుకుని ఉంటుంది. కంటైనర్ పంపిన ప్యాకెట్టు బ్రిడ్జి దగ్గరికి వస్తుంది. కెర్నెల్ దాన్ని ముందుకు పంపడానికి ఒప్పుకోవాలి, దాన్ని ఐపీ ఫార్వర్డింగ్ అంటారు. ఆ తర్వాత లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లోని మాస్కరేడ్ నియమం కంటైనర్ ఐపీని తీసేసి మెషీన్ ఐపీని పెడుతుంది. అప్పుడే ప్యాకెట్టు కాలేజీ నెట్‌వర్క్‌లోకి వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ తెగిందో చూడటమే మన పని. బయటికి కనిపించేది మెషీన్ ఐపీయే కాబట్టి హాస్టల్ వైఫైలో ల్యాప్‌టాప్ ఒకసారి లాగిన్ అయితే చాలు, కంటైనర్‌కు వేరే లాగిన్ అక్కర్లేదు. ఆ లాగిన్ గడువు తీరిపోయినప్పుడు మాత్రం లోపల వింత ఎర్రర్లు వస్తాయి. ముందు బ్రౌజర్‌లో ఆ పేజీ ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

ఇక పరీక్షల వరుస. కంటైనర్ లోపలి నుంచి మొదట 172.17.0.1ని పింగ్ చేయండి. జవాబు రాకపోతే బ్రిడ్జి దగ్గరే తెగింది. వస్తే బయటి ఐపీని, 1.1.1.1 లాంటిదాన్ని, చూడండి. అదీ వస్తే ఏదో ఒక వెబ్‌సైటు పేరుతో 'గెట్‌ఎంట్ హోస్ట్స్' కొట్టండి. పేరుకు ఐపీ దొరికితే డీఎన్ఎస్ బాగున్నట్టే. ఆఖరున హెచ్‌టీటీపీఎస్ పేజీ ఒకటి తెచ్చి చూడండి. కాలేజీ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపేసి ఉండొచ్చు. అందుకని రెండో మెట్టులో పింగ్ పోనంత మాత్రాన నెట్ లేదని తేల్చేయకూడదు. అదే ఐపీని మెషీన్ మీద నుంచి పింగ్ చేసి పోల్చుకోవాలి.

స్లిమ్ (కుదించిన) ఇమేజీల్లో పింగ్ ఉండదు, వెబ్ పేజీలు తెచ్చే కర్ల్ ఉండదు. వాటిని ఎక్కించుకోవాలంటే నెట్ కావాలి. ఇక్కడే చాలామంది చిక్కుబడిపోతారు. మెషీన్‌లో ఉన్న పనిముట్లతోనే కంటైనర్ నెట్‌వర్క్‌లోకి దిగే ఉపాయం లైనక్స్‌లో ఉంది. 'డాకర్ ఇన్‌స్పెక్ట్' చూపించే వివరాల్లో 'స్టేట్' కింద 'పిడ్' అనే సంఖ్య ఉంటుంది. రూట్‌గా 'ఎన్ఎస్ఎంటర్ మైనస్ టీ' అని ఆ సంఖ్య ఇచ్చి, 'మైనస్ ఎన్' పెట్టి, ఆ తర్వాత పింగ్ గానీ 'ఐపీ రూట్' గానీ ప్యాకెట్లను చూపించే 'టీసీపీడంప్' గానీ రాయండి. ప్రోగ్రాం మీ మెషీన్‌ది, నెట్‌వర్క్ మాత్రం కంటైనర్‌ది. ఇమేజ్‌లో ఒక్క ప్యాకేజీ కూడా కలపాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: ఇలా దిగినప్పుడు డీఎన్ఎస్ సర్వర్ల అడ్రసులుండే 'రిజాల్వ్ డాట్ కాన్ఫ్' ఫైలు మాత్రం మెషీన్‌దే కనిపిస్తుంది. కాబట్టి డీఎన్ఎస్ పరీక్షకు 'డిగ్' వాడి, ఏ సర్వర్‌ను అడగాలో ఐపీతో సహా చెప్పాలి.

డీఎన్ఎస్ సంగతి కొంచెం లోతుగా చూడాలి, ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడివే. కంటైనర్ లోపల 'ఈటీసీ' ఫోల్డర్‌లోని 'రిజాల్వ్ డాట్ కాన్ఫ్' తెరిచి చూడండి. డీఫాల్ట్ బ్రిడ్జి మీద నడిచే కంటైనర్‌కు డాకర్ మెషీన్ ఫైలునే నకలు చేసి ఇస్తుంది. 127తో మొదలయ్యే అడ్రసులను మాత్రం తీసేస్తుంది. కంటైనర్‌లో 127.0.0.1 అంటే కంటైనరే కాబట్టి అవి అక్కడ పనికిరావు. ఉబుంటులో కనిపించే 127.0.0.53కి డాకర్ ఏర్పాటు చేసుకుంది, లైనక్స్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ దాచిపెట్టిన అసలు సర్వర్ల ఫైలును వెతికి తెచ్చుకుంటుంది. కానీ మెషీన్‌లో డీఎన్ఎస్‌మాస్క్ లాంటి సొంత డీఎన్ఎస్ సర్వర్ పెట్టుకుని 127.0.0.1 ఒక్కటే రాసి ఉంటే నకలులో ఏమీ మిగలదు. అప్పుడు డాకర్ తనంతట తాను గూగుల్ డీఎన్ఎస్ సర్వర్లు 8.8.8.8, 8.8.4.4 రాసేస్తుంది. ఇంట్లో కేబుల్ నెట్ మీద అది చక్కగా నడుస్తుంది. క్యాంపస్‌లో 53వ పోర్టు బయటికి మూసి ఉంటే ఒక్క పేరు కూడా తేలదు. '8.8.8.8 పెట్టెయ్' అనే సలహా ఇంట్లో పనిచేసి కాలేజీలో చతికిలబడేది ఇందుకే. పైగా క్యాంపస్ లోపలి సర్వర్ల పేర్లు గూగుల్‌కు తెలియవు. కాలేజీ డీఎన్ఎస్ ఐపీ తెలుసుకుని దాన్నే డాకర్ సెట్టింగుల ఫైలు 'డెమన్ డాట్ జేసన్'లో 'డీఎన్ఎస్' అనే చోట రాయడం సరైన పని. ఆ ల్యాప్‌టాప్ ఇంటికి వెళ్లినప్పుడు దాన్ని తీసేయాలి, లేకపోతే అక్కడ గొడవ మొదలవుతుంది.

కొన్ని కంటైనర్లను కలిపి ఒకేసారి లేపే కంపోజ్‌తో గానీ, 'నెట్‌వర్క్ క్రియేట్'తో గానీ చేసుకున్న నెట్‌వర్క్‌లో ఈ ఫైలులో 127.0.0.11 కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడి దిద్దకండి. అది డాకర్ సొంత డీఎన్ఎస్, కంటైనర్లు ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకునేది దానివల్లే. బయటి పేర్లను అది మెషీన్ సర్వర్లకు పంపుతుంది. ఇంకో సంగతి: హాస్టల్ వైఫైలో మొదలుపెట్టిన కంటైనర్‌ను ఆపకుండా ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు మారిస్తే, లోపల పాత సర్వర్ల అడ్రసులే ఉండిపోతాయి. కంటైనర్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ పాత ఇమేజీలకు వేరే లోపం ఉంది. వాటిలోని మసల్ లైబ్రరీ 1.2.4 రాకముందు డీఎన్ఎస్ జవాబు పెద్దదైతే టీసీపీలో మళ్లీ అడిగేది కాదు. 2023లో వచ్చిన ఆల్పైన్ 3.18 నుంచి ఆ లోపం పోయింది. కొన్ని పేర్లు తేలి కొన్ని తేలకపోతే ఇమేజ్ వెర్షన్ చూడండి.

ఎవరూ ఊహించనిది ఐపీల ఢీ. ప్రైవేటు ఐపీల్లో 172.16 నుంచి 172.31 వరకు ఒక పెద్ద తెరిపి (వరుస ఐపీల శ్రేణి) ఉంది. దాన్ని క్యాంపస్ నెట్‌వర్క్‌లూ వాడతాయి, డాకరూ వాడుతుంది. డాకర్0కి 172.17 అంతా పోతుంది. ఆ తర్వాత ప్రతి కంపోజ్ ప్రాజెక్టుకూ కొత్త నెట్‌వర్క్ పుడుతుంది: 172.18, 172.19, 172.20 ఇలా. ఒక్కొక్కటి 65,536 ఐపీలు మింగేస్తుంది, లోపల ఉండేది మూడు కంటైనర్లే అయినా సరే. కాలేజీ గిట్ సర్వర్ గానీ, ప్రాక్సీ గానీ, డీఎన్ఎస్ గానీ 172.18.10.5 లాంటి ఐపీ మీద ఉందనుకోండి. మొదటి ప్రాజెక్టుకు 'కంపోజ్ అప్' కొట్టిన క్షణం నుంచి మీ మెషీన్ ఆ సర్వర్‌ను తన బ్రిడ్జి మీదే వెతుకుతుంది. యూట్యూబ్ వస్తుంది, పక్క బ్లాకులోని సర్వర్ మాత్రం రాదు. ఆ ఐపీ డీఎన్ఎస్‌ది అయితే ఏదీ రాదు. ల్యాబ్ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయి) వెళ్లి ఈ పని చేసినవాళ్ల సొంత మెషీన్ ఐపీ ఆ తెరిపిలో ఉంటే, వాళ్ల సెషన్ అక్కడికక్కడే గడ్డకట్టిపోతుంది. సర్వర్ కూలిపోయిందని అందరూ అనుకుంటారు. అది బతికే ఉంటుంది, జవాబును తప్పుదారిలో పంపుతుంటుంది.

పట్టుకోవడం తేలిక. మెషీన్‌లో 'ఐపీ రూట్' కొట్టి 'బీఆర్'తో మొదలయ్యే లైన్లు, డాకర్0 లైను చూడండి. చేరాల్సిన సర్వర్ ఐపీ వాటిలో దేని కిందికైనా వస్తే దొరికినట్టే. వాడని నెట్‌వర్క్‌లను 'డాకర్ నెట్‌వర్క్ ప్రూన్'తో తుడిచేస్తే అప్పటికి గండం గడుస్తుంది. శాశ్వతంగా పోవాలంటే 'ఈటీసీ' కింద 'డాకర్' ఫోల్డర్‌లోని డెమన్ డాట్ జేసన్‌లో రెండు మార్పులు చేయాలి. 'బిప్' అనే చోట 10.199.0.1/24 లాంటిది రాస్తే డాకర్0 అక్కడికి మారుతుంది. 'డీఫాల్ట్ అడ్రస్ పూల్స్' కింద బేస్‌గా 10.200.0.0/16, సైజుగా 24 ఇస్తే 256 చిన్న నెట్‌వర్క్‌లు దొరుకుతాయి, ఒక్కొక్కదానిలో రెండు వందల యాభై కంటైనర్లు పడతాయి. ఎంచుకున్న తెరిపిని క్యాంపస్ వాడటం లేదని ముందే నెట్‌వర్క్ వాళ్లను అడగాలి, లేకపోతే ఒక ఢీ పోయి ఇంకో ఢీ వస్తుంది. ఆ ఫైలులో ఒక్క కామా తప్పినా డాకర్ లేవదు. రీస్టార్ట్ చేసేముందు 'పైథాన్3 మైనస్ ఎం జేసన్ డాట్ టూల్' అని ఆ ఫైలు మీద ఒకసారి కొట్టి చూసుకోండి. అప్పటికే ఉన్న కంపోజ్ నెట్‌వర్క్‌లు వాటంతటవి మారవు. ప్రతి ప్రాజెక్టునూ 'డౌన్' చేసి మళ్లీ 'అప్' చేయాలి.

ప్రాక్సీ ఉన్న కాలేజీల్లో మూడు చోట్ల చెప్పాలి, మూడింటికీ వేర్వేరు పని. ఇమేజ్ దించడానికి డెమన్‌కు తెలియాలి. లైనక్స్‌లో అది డాకర్ సర్వీసుకు సిస్టమ్‌డీ డ్రాప్-ఇన్ ఫైలుగా రాసి, 'డెమన్ రీలోడ్' చేసి, డాకర్‌ను రీస్టార్ట్ చేయాలి. కంటైనర్ లోపలికి, బిల్డ్ లోపలికి అందాలంటే మీ హోం ఫోల్డర్‌లోని 'డాట్ డాకర్' కింద 'కాన్ఫిగ్ డాట్ జేసన్'లో 'ప్రాక్సీస్' భాగం ఉండాలి. అది కొత్తగా సృష్టించే కంటైనర్లకే వర్తిస్తుంది, పాతవాటికి కాదు. మూడోది లోపల నడిచే ప్రోగ్రాం. కొన్ని ప్రోగ్రాంలు అలా లోపలికి అందిన ప్రాక్సీ వేరియబుల్స్‌ను పట్టించుకోవు, జావా లాంటి వాటికి విడిగా చెప్పాలి. 'నో ప్రాక్సీ'లో లోకల్‌హోస్ట్‌తోపాటు మీ కంటైనర్ల పేర్లు కూడా రాయండి. లేకపోతే యాప్ పక్కనే ఉన్న సర్వీసును కూడా ప్రాక్సీ గుండా వెతుకుతుంది. ల్యాప్‌టాప్‌లోనే 127.0.0.1, 3128వ పోర్టు మీద సొంత ప్రాక్సీ నడిపేవాళ్లకు లోపల 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' తప్పదు. అక్కడ 172.17.0.1 రాయాలి, ఆ ప్రాక్సీ కూడా ఆ ఐపీ మీద వినేలా ఉండాలి. శనివారం చిత్తూరుకో, పుత్తూరుకో ఇంటికి వెళ్లాక కంటైనర్ మొరాయిస్తే, మొదట ఆ కాన్ఫిగ్ ఫైలులో కాలేజీ ప్రాక్సీ మిగిలిపోయిందేమో చూడాలి. ప్రాక్సీ పాస్‌వర్డ్‌ను మాత్రం డాకర్‌ఫైల్‌లో 'ఎన్వ్' లైనుగా ఎప్పుడూ రాయకండి. ఆ ఇమేజ్ తీసుకున్న ఎవరైనా 'డాకర్ హిస్టరీ'తో దాన్ని చదివేయగలరు.

సర్టిఫికెట్ గొడవ కూడా క్యాంపస్‌దే. కొన్ని ఫైర్‌వాల్‌లు హెచ్‌టీటీపీఎస్‌ను మధ్యలో విప్పి చూసి, తమ సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతాయి. ల్యాబ్ మెషీన్లలో కాలేజీ సర్టిఫికెట్ ముందే ఎక్కించి ఉంటారు కాబట్టి బ్రౌజర్ ఒప్పుకుంటుంది. కంటైనర్‌కు అది తెలియదు. డెబియన్, ఉబుంటు ఇమేజీల్లో ఆ 'డాట్ సీఆర్‌టీ' ఫైలును 'యూఎస్ఆర్, లోకల్, షేర్, సీఏ సర్టిఫికెట్స్' ఫోల్డర్‌లోకి కాపీ చేసి 'అప్‌డేట్ సీఏ సర్టిఫికెట్స్' నడపాలి. 'సీఏ సర్టిఫికెట్స్' ప్యాకేజీ లేకపోతే ఆ కమాండే ఉండదు. పైథాన్ రిక్వెస్ట్స్ తన సొంత జాబితానే చూస్తుంది, దానికి 'రిక్వెస్ట్స్ సీఏ బండిల్' వేరియబుల్ ఇవ్వాలి. నోడ్‌కు 'నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్' ఇవ్వాలి. వెరిఫై ఆపేసే ఆప్షన్ పెట్టి పని గడుపుకోవడం వద్దు. ల్యాబ్‌లో అలవాటైన ఆ లైను ఉద్యోగంలో చేరాక అసలు సర్వర్‌లోకీ వెళ్తుంది, ఎవరైనా మధ్యలో కూర్చుని చదువుకోవడానికి తలుపు తీసినట్టే.

సైబర్ సెక్యూరిటీ ల్యాబ్ అయిన మర్నాడు కంటైనర్లకు నెట్ పోయిందంటే కారణం వెతకక్కర్లేదు. అక్కడ ప్రాక్టీసుకు 'ఐపీటేబుల్స్ మైనస్ ఎఫ్' కొడతారు. అది ఫిల్టర్ టేబుల్‌లోని నియమాలన్నీ తుడిచేస్తుంది, డాకర్ రాసుకున్నవి కూడా. కానీ మెషీన్ గుండా దాటిపోయే ప్యాకెట్లను చూసే ఫార్వర్డ్ చైన్‌కు డాకర్ పెట్టిన 'డ్రాప్' పాలసీ మైనస్ ఎఫ్‌తో పోదు. అనుమతులన్నీ పోయి నిషేధం ఒక్కటే మిగులుతుంది. మెషీన్ సొంత నెట్‌కు ఏమీ కాదు, ఎందుకంటే అది ఫార్వర్డ్ చైన్ గుండా వెళ్లదు. 'సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ డాకర్' కొడితే డాకర్ తన నియమాలు మళ్లీ రాసుకుంటుంది. నడుస్తున్న కంటైనర్లు ఆగుతాయని మాత్రం ముందే చెప్పి కొట్టాలి. ఇలాంటిదే ఇంకోటి: సెక్యూరిటీ కోసమని 'నెట్ డాట్ ఐపీవీ4 డాట్ ఐపీ ఫార్వర్డ్' విలువను 0 చేసే స్క్రిప్టులు ఉంటాయి. 'సిస్‌సీటీఎల్'తో ఆ విలువ చూడండి, 1 ఉండాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం లాంటిది. అందులోనూ పని జరగకపోవచ్చు, ఎందుకంటే కొన్నిసార్లు ఫైర్‌వాల్ ఆగేటప్పుడు డాకర్ నియమాలను కూడా వెంట తీసుకుపోతుంది.

ఇవన్నీ బాగుండి, పింగ్ వెళ్లి, పేర్లు తేలి, చిన్న పేజీలు వస్తూ, పెద్ద డౌన్‌లోడ్ మాత్రం మధ్యలో బిగుసుకుపోతే అది ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చనే పరిమితి, తెచ్చిన చిక్కు. ఇంటర్న్‌షిప్ కోసం కంపెనీ వీపీఎన్ వేసుకున్న ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. మామూలు ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ పరిమితి 1500 బైట్లు. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పీపీపీఓఈ 8 బైట్లు తినేస్తే 1492 మిగులుతుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా 1420 పెడుతుంది. డాకర్ మాత్రం కంటైనర్‌కు 1500 ఇస్తుంది. కంటైనర్ బయటికి పంపే పెద్ద ప్యాకెట్టును మెషీనే ఆపి 'తగ్గించు' అని చెప్పగలదు. చిక్కంతా వచ్చే దారిలో. అవతలి సర్వర్‌కు కంటైనర్ 'నాకు 1460 బైట్ల ముక్కలు పంపొచ్చు' అని చెబుతుంది. సర్వర్ అలాగే పంపుతుంది. టన్నెల్ ఆ చివర అవి పట్టవు. 'పట్టలేదు' అని సర్వర్‌కు చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తుంది. రెండువైపులా ఎదురుచూస్తూ కూర్చుంటారు. టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే భద్రత) మొదలయ్యేటప్పుడు సర్వర్ పంపే సర్టిఫికెట్లు పెద్దవి కాబట్టి చాలాసార్లు అక్కడే ఆగుతుంది.

దీన్ని తేల్చడానికి పైన చెప్పిన ఎన్ఎస్ఎంటర్‌తో కంటైనర్ నెట్‌వర్క్‌లోకి దిగి 'ఐపీ లింక్ సెట్ ఈత్0 ఎంటీయూ 1400' కొట్టి, అదే డౌన్‌లోడ్ మళ్లీ చేయండి. వెంటనే కదిలితే అనుమానం నిజమే. సరైన అంకె కావాలంటే మెషీన్ మీద నుంచి 'పింగ్ మైనస్ ఎం డు మైనస్ ఎస్ 1472' అని బయటి ఐపీకి పంపండి. 1472కు 28 బైట్ల హెడర్లు కలిపితే 1500. అది పోకపోతే తగ్గిస్తూ రండి. 1464 దగ్గర పోతే 1492, 1392 దగ్గర పోతే 1420. ఆల్పైన్ లాంటి చిన్న ఇమేజీల్లో ఉండే బిజీబాక్స్ పింగ్‌లో ఈ ఆప్షన్ ఉండదు. దొరికిన అంకెను డెమన్ డాట్ జేసన్‌లో 'ఎంటీయూ' అని రాస్తే డీఫాల్ట్ బ్రిడ్జికి మాత్రమే వర్తిస్తుంది. కంపోజ్ నెట్‌వర్క్‌కు దాని ఫైలులోనే 'డ్రైవర్ ఆప్ట్స్' కింద 'కామ్ డాట్ డాకర్ డాట్ నెట్‌వర్క్ డాట్ డ్రైవర్ డాట్ ఎంటీయూ' అని విడిగా ఇవ్వాలి. ఒకచోట రాసి రెండోచోట మరచిపోవడం వల్లే 'ఎంటీయూ మార్చినా రాలేదు' అనే మాట వినిపిస్తుంది.

విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు పై ఐపీటేబుల్స్ ముచ్చట్లు వర్తించవు, కంటైనర్లు ఒక చిన్న వర్చువల్ మెషీన్‌లో ఉంటాయి. ప్రాక్సీని సెట్టింగ్స్‌లోని రిసోర్సెస్ భాగంలో పెట్టాలి. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచాక 'రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్' అని వస్తే ఆ వర్చువల్ మెషీన్ గడియారం వెనకబడింది. కంటైనర్‌కు సొంత గడియారం ఉండదు, కాబట్టి లోపల దిద్దలేం. డాకర్ డెస్క్‌టాప్‌ను ఆపి, 'డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్' చేసి, మళ్లీ మొదలుపెట్టాలి. 'ఇన్‌వాలిడ్ సిగ్నేచర్' అని వస్తే నెట్‌ను తిట్టేముందు 'డాకర్ సిస్టమ్ డీఎఫ్' చూడండి. డిస్కు నిండినా, కొత్త ఇమేజ్‌కు డాకర్ మరీ పాతదైనా ఆప్ట్ ఇదే మాట అంటుంది.

ఇక యాజమాన్యాలకు. ఇమేజీలు దొరికే సైటు డాకర్ హబ్, లాగిన్ లేకుండా దించేవాళ్లకు 2020 నవంబరు నుంచి ఒక ఐపీవీ4 అడ్రసుకు ఆరు గంటలకు 100 పుల్స్ అనే పరిమితి పెట్టింది. ల్యాబ్ అంతా ఒకే పబ్లిక్ ఐపీ మీద బయటికి వెళ్తుంది. అరవైమంది పిల్లలు తలా రెండు ఇమేజీలు దించితే పీరియడ్ సగంలోనే 429 మొదలవుతుంది. మధ్యాహ్నం బ్యాచ్‌కు ఏమీ మిగలదు. ఉచిత ఖాతాతో లాగిన్ అయితే ఒక్కొక్కరికి విడిగా 200 వస్తాయి. అంతకంటే మేలైన పని, ల్యాబ్‌లోని ఒక పాత సర్వర్ మీద 'రిజిస్ట్రీ' ఇమేజ్‌ను ప్రాక్సీ పద్ధతిలో నడపడం. దాని 'రిమోట్ యూఆర్ఎల్'గా డాకర్ హబ్‌ను చూపించి, ప్రతి మెషీన్ డెమన్ డాట్ జేసన్‌లో 'రిజిస్ట్రీ మిర్రర్స్' కింద ఆ సర్వర్ అడ్రసు రాస్తే, ఒకరు దించిన ఇమేజ్ మిగతా అందరికీ ల్యాన్ వేగంతో వస్తుంది. అది కూడా వీలుకాని చోట 'డాకర్ సేవ్'తో ఇమేజ్‌ను ఫైలుగా చేసి, పెన్‌డ్రైవ్‌లో పంచి, 'డాకర్ లోడ్'తో ఎక్కించుకోవచ్చు.

పైసా ఖర్చులేని కోరిక ఒకటి ఉంది. ఈ ప్రాంతపు పిల్లవాడి ల్యాప్‌టాప్ ఒకే వారంలో కాలేజీ ల్యాన్, చంద్రగిరిలోనో కరకంబాడి రోడ్డులోనో అద్దె గది వైఫై, ఇంటి దగ్గర ఫోన్ హాట్‌స్పాట్, మూడూ చూస్తుంది. ఎక్కడ ఏం మార్చాలో వాడికి తెలియాలంటే కాలేజీ తన నెట్‌వర్క్ సంగతి చెప్పాలి. చాలాచోట్ల అది సర్వర్ గదిలో ఒకరిద్దరికే తెలుసు, అడిగితే సెక్యూరిటీ అంటారు. డీఎన్ఎస్ ఐపీ రహస్యం కాదు, నెట్‌కు తగులుకున్న ప్రతి మెషీన్‌కూ అది తెలుసు. ల్యాబ్ తలుపు మీద ఒక ఏ4 కాగితం అంటించండి: డీఎన్ఎస్ ఐపీలు, ప్రాక్సీ అడ్రసు, పోర్టు, కాలేజీ సర్టిఫికెట్ దొరికే చోటు, క్యాంపస్ వాడుతున్న 172, 10 తెరిపులు, డాకర్‌కు వదిలేసిన తెరిపి, మిర్రర్ ఉంటే దాని అడ్రసు, కాగితం రాసిన తేదీ. సెట్టింగ్ మారిన రోజే కాగితమూ మారాలి. ఆగిపోయిన ప్రాజెక్టుల్లో చాలావాటికి ఆ కాగితమే జవాబు చెబుతుంది, మిగిలినవాటికి ఏ ఎర్రర్ లైను వచ్చిందో రాసుకుని రమ్మని పిల్లలకు చెప్పండి.

ఇట్లు,
కాలేజీ ల్యాబ్ నెట్‌వర్కుల పని చూసే కొందరం,
తిరుపతి.